బేతాళుడి ప్రశ్న, పిల్లల జవాబు



ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు చదవడం ఎలా నేర్పాలి, ఒక కథనో పద్యాన్నో తమంతట తాము విప్పి చూసుకునే శక్తి వాళ్లకు ఎలా వస్తుంది అన్నది ఇవాళ్టి నా ప్రసంగ విషయం. అక్షరాలు దిద్దించడం గురించి మనం చాలా మాట్లాడుకుంటాం. పదో తరగతి మార్కుల గురించి ఇంకా ఎక్కువ మాట్లాడుకుంటాం. ఈ రెంటికీ మధ్య ఉన్న మూడేళ్లను పట్టించుకునేవాళ్లు తక్కువ. అప్పుడు పిల్లలకు పదకొండేళ్లో, పన్నెండేళ్లో, పదమూడేళ్లో ఉంటాయి. పెద్దవాళ్లు చెప్పిందల్లా నమ్మే వయసు దాటిపోతూ ఉంటుంది, ఎదురు ప్రశ్న వేసే వయసు మొదలవుతూ ఉంటుంది. సాహిత్యం చెప్పడానికి ఇంతకంటే మంచి వయసు లేదని నా నమ్మకం.

ముందు ఇప్పటి పరిస్థితి చూద్దాం. గ్రామాల్లో పిల్లల చదువు ఎలా ఉందో తెలుసుకోవడానికి దేశవ్యాప్తంగా అసర్ అనే సర్వే జరుగుతుంది. ఇంటింటికీ వెళ్లి, పిల్లల చేతికి రెండో తరగతి స్థాయి కథ ఒకటిచ్చి చదవమంటారు. 2018లో ఎనిమిదో తరగతి పిల్లల్లో నూటికి 73 మంది ఆ కథను చదవగలిగారు. కరోనా తర్వాత 2022లో అది 69.6 శాతానికి పడిపోయింది. అంటే ఎనిమిదో తరగతిలో పదిమంది పిల్లలుంటే, వాళ్లలో ముగ్గురు రెండో తరగతి కథ దగ్గరే ఆగిపోతున్నారు. మిగతా ఏడుగురి సంగతి బాగున్నట్టేనా? ఆ పరీక్ష చూసేది తడబడకుండా చదివారా లేదా అన్నంత వరకే. చదివినదాని లోపలికి వెళ్లారా లేదా అన్నది ఆ లెక్కలో లేదు.

అలా ఆగిపోయే ఆ ముగ్గురి గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. ఒత్తుల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర తడబడే ఏడో తరగతి పిల్లవాడికి ఒకటో తరగతి పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టకూడదు. తోటివాళ్ల ముందు వాడికి అది తలవంపు. వాడి వయసుకు తగిన విషయం ఉన్న పొట్టి రచన ఇవ్వాలి. క్రికెట్ వార్త కావచ్చు, ఊళ్లో జాతర గురించి పది వాక్యాలు కావచ్చు. ముందు ఉపాధ్యాయుడు పైకి చదివి వినిపించాలి. తర్వాత ఇద్దరిద్దరిగా కూర్చుని పిల్లలు చదవాలి. అదే రచన మర్నాడు మళ్లీ చదవాలి. రోజుకు పది నిమిషాలు దీనికి కేటాయిస్తే చాలామంది పిల్లలు ఒడ్డున పడతారు. సిలబస్ పూర్తికావాలన్న తొందరలో మనం వదిలేస్తున్నది ఈ పది నిమిషాలనే.

ఇక అసలు విషయం. మన తరగతి గదుల్లో తెలుగు పాఠం ఎలా నడుస్తుందో మీలో చాలామందికి తెలుసు. మాస్టారు పద్యం చదువుతారు, రాగం తీసి పిల్లల చేత పాడిస్తారు. అంతవరకు ఎంతో బాగుంటుంది. వెంటనే భావం చెప్పేస్తారు. పిల్లలు రాసుకుంటారు. తర్వాత ప్రశ్నలు, జవాబులు బోర్డు మీదికి ఎక్కుతాయి. నోటుపుస్తకంలోకి దిగుతాయి. ఇంటికి వెళితే అవే జవాబులు ఇంకొంచెం పొడవుగా గైడులో ఉంటాయి. స్లిప్ టెస్టులో అవే రాస్తారు. ఈ వరుసలో పిల్లవాడు పద్యాన్ని చదివిందెప్పుడు? చూసింది పద్యాన్ని, కంఠస్థం చేసింది మాస్టారి భావాన్ని.

ఇందులో ఉపాధ్యాయులను నిందించి లాభం లేదు. తరగతిలో నలభై యాభై మంది, తలకు మించిన రికార్డులు, పై అధికారులకు చూపాల్సిన మార్కులు. ఇన్ని భారాల మధ్య భావం చెప్పేయడమే దగ్గరి దారిలా కనిపిస్తుంది. ఆ దారిలో పిల్లవాడు పోగొట్టుకుంటున్నదేమిటో మాత్రం మనం తెలుసుకోవాలి.

నిజానికి మన పాత పద్ధతిలోనే దీనికి మందు ఉంది. పూర్వం కావ్యం చెప్పే పండితులు అన్వయం చెప్పించేవారు. అందులో ఖండాన్వయం అని ఒక పద్ధతి ఉంది. ముందు పద్యంలో క్రియను పట్టుకోవాలి. ఆ పని చేసింది ఎవరు? దేన్ని చేశారు? ఎలాంటిదాన్ని? ఎందుకు? ఎప్పుడు? అని ఒక్కొక్క ప్రశ్నే వేసుకుంటూ పోతే పద్యంలోని ప్రతి మాటా ఏదో ఒక ప్రశ్నకు జవాబుగా వచ్చి తన చోట కూర్చుంటుంది. ప్రతిపదార్థం అనే పేరుతో మనకు మిగిలింది ఆ పద్ధతి ఎముకల గూడు మాత్రమే. మాటకు మాట అర్థం రాయిస్తున్నాం, ప్రశ్నలను వదిలేశాం.

ఒక ఉదాహరణ చెబుతాను. పోతన గజేంద్ర మోక్షం ఘట్టం మీరందరూ విన్నదే. ఏనుగు మొర విని విష్ణువు వైకుంఠం నుంచి బయలుదేరే పద్యం తెలుగునాట రానివాళ్లు అరుదు. ఆ పద్యాన్ని ఎనిమిదో తరగతి పిల్లల ముందు పెట్టి భావం చెప్పకుండా ఒక్క పని చేయమనండి. క్రియలన్నీ వెతికి గీత గీయమనండి. కాసేపటికి ఆరు క్రియలు దొరుకుతాయి. ఈ ఆరింటిలో పోలిక ఏమిటని అడగండి. ఎవరో ఒకరు తప్పకుండా పట్టుకుంటారు: అన్నీ చేయని పనులే! లక్ష్మికి చెప్పలేదు. శంఖచక్రాలు చేత పట్టలేదు. పరివారాన్ని పిలవలేదు. గరుత్మంతుణ్ణి సిద్ధం చేసుకోలేదు. చెవి మీదికి జారిన జుట్టు సరిచేసుకోలేదు. చేతిలో ఉన్న లక్ష్మి చీరచెంగు కూడా వదల్లేదు.

అప్పుడు రెండో ప్రశ్న. విష్ణువు వేగంగా పరుగెత్తాడని పోతన ఎక్కడైనా చెప్పాడా? పిల్లలు మళ్లీ పద్యంలోకి వెళతారు. అక్కడ ఆ మాట లేదు. మరి మనకు ఆ తొందర ఎలా తెలిసింది? ఈ ప్రశ్న వేశాక ఉపాధ్యాయుడు నోరు మూసుకుని కూర్చోవాలి. ఆ నిశ్శబ్దం కష్టంగానే ఉంటుంది, అయినా భరించాలి. చేయని పనుల వల్లే ఆ తొందర తెలుస్తోందని పిల్లలు తమంతట తాము కనుక్కున్న నిమిషాన వాళ్ల ముఖాలు చూడాలి. కవి చెప్పకుండా చూపించాడని వాళ్లు గ్రహించారు. సాహిత్య విశ్లేషణ అని మనం పెద్ద పేరు పెట్టుకున్నది ఇదే. ఇంకెప్పుడూ ఆ పద్యాన్ని వాళ్లు మరిచిపోరు.

కథల విషయానికి వస్తే మన తెలుగు పిల్లలకు ఒక గొప్ప వారసత్వం ఉంది. చందమామ పత్రిక 1947 జూలైలో మొదలైంది. దశాబ్దాల తరబడి అందులో బేతాళ కథలు వచ్చాయి. సంస్కృతంలో ఉన్నవి ఇరవై అయిదు. అవి అయిపోయాక కూడా అదే చట్రంలో కొత్త కథలు అల్లుతూ పోయారు. భుజాన శవాన్ని వేసుకుని కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ, శంకర్ గారు వేసింది, మూడు తరాల పాఠకులకు కళ్లలో ఉంది. ఆ కథల చట్రం ఒకసారి గమనించండి. బేతాళుడు కథ చెబుతాడు. చివర చిక్కు ప్రశ్న వేస్తాడు. తెలిసీ జవాబు చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది. రాజు జవాబు చెబుతాడు. ఉత్త జవాబు చెప్పి ఊరుకోడు, ఎందుకో కూడా చెబుతాడు. కథలో జరిగినదాన్నే ఎత్తి చూపించి తన తీర్పు నిలబెట్టుకుంటాడు.

ఇంతకంటే మంచి సాహిత్య పాఠం ఎక్కడుంది? ప్రశ్న కథ లోపలి నుంచి పుట్టింది. ఒక్క మాటలో తేలేది కాదు. జవాబుకు ఆధారం కథలోనే వెతకాలి.

పాత కథల్లో ఒకటి గుర్తుచేస్తాను. ఒక అమ్మాయిని పెళ్లాడాలని ముగ్గురు యువకులు వస్తారు. ఎవరికి ఇవ్వాలో తేలకముందే ఆమె జ్వరంతో చనిపోతుంది. ఒకడు శ్మశానంలోనే గుడిసె వేసుకుని ఆమె బూడిద మీద పడుకుంటాడు. ఇంకొకడు అస్థికలు తీసుకుని గంగకు వెళతాడు. మూడోవాడు సన్యాసిలా దేశాలు తిరిగి, చనిపోయినవాళ్లను బతికించే మంత్రం తెలుసుకుని వస్తాడు. ఆమె బతుకుతుంది. ముగ్గురూ నాదంటే నాది అంటారు. ఆమె ఎవరికి భార్య కావాలి?

ఈ కథను ఏడో తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను, రాజు జవాబు దగ్గర ఆపేసి. తరగతి మూడు ముక్కలవుతుంది. బతికించినవాడికే అని ఎక్కువమంది అంటారు. ఎందుకంటే అని అడిగితే, వాడు లేకపోతే ఆమే లేదు కదా సార్ అంటారు. బూడిద దగ్గర ఉన్నవాడు ఆమెను విడిచి ఒక్కరోజు కూడా వెళ్లలేదని ఇంకొందరు అంటారు. అస్థికల వైపు నిలబడేవాళ్లు ఇద్దరు ముగ్గురుంటారు, వాళ్ల గొంతే పెద్దగా ఉంటుంది. కథలో ఏ మాటను బట్టి అంటున్నారో చూపించాలన్నదే నియమం. చూపించలేకపోతే ఆ వాదం నిలవదు.

తర్వాత విక్రమార్కుడి తీర్పు చెబుతాను. ప్రాణం పోసినవాడు తండ్రితో సమానం. అస్థికలు గంగలో కలిపినవాడు కొడుకు చేసే పని చేశాడు. విడవకుండా ఆమె బూడిద దగ్గరే ఉన్నవాడు భర్త. పిల్లలు ఆశ్చర్యపోతారు. రాజు ముగ్గురిలో ఎవరు గొప్ప అని చూడలేదు, ఎవరి పని ఏ సంబంధానికి చెందుతుందో చూశాడని వాళ్లకు అర్థమవుతుంది. ప్రశ్నను ఏ కొలబద్దతో కొలుస్తామో దాన్ని బట్టి జవాబు మారుతుందని తెలుస్తుంది.

ఒక ఏడాది ఒక అమ్మాయి లేచి, "సార్, ఆమెకు ప్రాణం వచ్చింది కదా, ఆమెనెందుకు అడగలేదు?" అంది. తరగతి ఒక్కసారి నిశ్శబ్దమైంది. బేతాళుడి ప్రశ్నలో లేనిది, రాజు జవాబులో లేనిది ఆ పిల్ల చూసింది. ఈ కథ ఏ కాలంలో పుట్టింది, ఆ కాలంలో ఆడపిల్ల మాటకు ఎంత విలువ ఉండేది, ఇప్పుడు ఎంత ఉంది అని మిగతా పీరియడ్ అంతా మాట్లాడుకున్నాం. కథను గౌరవిస్తూనే కథను ప్రశ్నించవచ్చని ఆ రోజు ఆ తరగతి నేర్చుకుంది. ఏ గైడులోనూ ఆ జవాబు దొరకదు.

ఈ మాట చెబుతూనే పిల్లల చేతే ప్రశ్నలు వేయించడం గురించి చెప్పాలి. అమెరికాలో పాలింక్సర్, బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకులు 1984లో ఒక పద్ధతిని వివరించారు. చదవడంలో వెనకబడిన ఏడో తరగతి పిల్లలతో వాళ్లు పనిచేశారు. ఒక్కొక్క పేరా చదివాక ఒక్కొక్క పిల్లవాడు వంతులవారీగా ఉపాధ్యాయుడి స్థానంలో కూర్చుంటాడు. పేరా సారాంశం చెప్పాలి, ఒక ప్రశ్న వేయాలి, అర్థంకాని చోటు ఏదో విప్పి చెప్పాలి, తర్వాత ఏం రాబోతుందో ఊహించాలి. ఆ పిల్లలు బాగా ముందుకు వచ్చారు. దీనికి కంప్యూటర్లు అక్కర్లేదు, ఖర్చు లేదు. మన బడిలో నలుగురేసి పిల్లలను గుండ్రంగా కూర్చోబెడితే చాలు.

మన భాషకే ప్రత్యేకమైన కొన్ని తాళంచెవులు ఉన్నాయి. వాటిని పిల్లలకు అందించాలి. కథ చదువుతున్నప్పుడు రచయిత ఎవరిని "వాడు" అంటున్నాడు, ఎవరిని "అతను" అంటున్నాడు, ఎవరిని "ఆయన" అంటున్నాడు చూడమనండి. ఇద్దరూ ఒకే వయసువాళ్లయినా యజమాని "ఆయన" అవుతాడు, పాలేరు "వాడు" అవుతాడు. ఎందుకు? అది రచయిత చూపా, ఆ ఊరి చూపా? కథ మధ్యలో ఎక్కడైనా "నువ్వు" కాస్తా "మీరు" అయిందా? అయితే ఆ రెండు వాక్యాల మధ్య ఏదో జరిగింది. ఏమిటది? అలాగే క్రియ చివర "ట" చేరిందేమో చూడమనండి. "వెళ్లాడు" అంటే చెప్పేవాడికి తెలుసు. "వెళ్లాడట" అంటే విన్నాడు, చూడలేదు. ఆ చిన్న అక్షరం వల్ల కథ చెప్పేవాణ్ణి ఎంతవరకు నమ్మాలో మారిపోతుంది. ఇవి పిల్లలు ఇంట్లో రోజూ వాడే మాటలే. అమ్మమ్మ దగ్గర చిన్నప్పుడే నేర్చుకున్నవి. పుస్తకంలో అవి పనిచేసే తీరు చూపించడమే మన పని. పాత్రల స్వభావం రాయండి అని పది మార్కుల ప్రశ్న ఇచ్చే బదులు ఈ చిన్న ప్రశ్నలు వేస్తే పాత్ర స్వభావం దానంతట అదే బయటికి వస్తుంది.

కథ పేరుతో కూడా మంచి పని చేయించవచ్చు. చాసోగా ప్రసిద్ధులైన చాగంటి సోమయాజులు గారు రాసిన కథ ఒకటుంది, "ఎందుకు పారేస్తాను నాన్నా". పుస్తకం తెరవకముందే పేరు ఒక్కటే బోర్డు మీద రాయండి. ఈ మాట ఎవరు ఎవరితో అంటున్నారు? దేని గురించి? పారేయను అని చెప్పకుండా ఇలా ఎందుకు అన్నట్టు? మాట్లాడేవాళ్లు కోపంగా ఉన్నారా, ఆనందంగా ఉన్నారా? పిల్లలు రకరకాలుగా ఊహిస్తారు. ఆ ఊహలను బోర్డు మీదే ఉంచి కథ చదివించండి. పేదరికం వల్ల చదువుకు దూరమైన పిల్లవాడి కథ అది. చదివాక ఏ ఊహ నిజమైంది, ఏది తప్పింది, కథలో ఎక్కడ తప్పిందని తెలిసిందో పిల్లలే చెబుతారు. ఫీజు కట్టలేక ఇబ్బంది పడిన ఇంటి పిల్లలు మన తరగతుల్లో ఉంటారు. వాళ్లకు ఆ కథలో ఇంకొకరికి కనిపించనిది కనిపిస్తుంది. వాళ్లు చెప్పాలనుకుంటేనే చెప్పనివ్వాలి, బలవంతపెట్టకూడదు.

ఇక్కడే ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. 1988లో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు అమెరికాలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 64 మంది మీద ఒక పరీక్ష చేశారు. బేస్‌బాల్ ఆటను వర్ణించే ఒక పేరా ఇచ్చి చదవమన్నారు. చదివాక, ఆటస్థలం నమూనా మీద చెక్కబొమ్మలు కదిపి ఆట ఎలా సాగిందో చూపించమన్నారు. చదవడంలో వెనకబడినవాళ్లయినా ఆ ఆట బాగా తెలిసిన పిల్లలు, ఆట తెలియని మంచి చదువరుల కంటే ఎక్కువ గుర్తుంచుకున్నారు, బాగా అర్థం చేసుకున్నారు. అంటే అర్థం చేసుకునే శక్తి కళ్లలో మాత్రమే లేదు, ముందే తెలిసిన లోకంలో ఉంది.

ఈ మాట మనకు ఎంత పనికొస్తుందో ఆలోచించండి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి "పచ్చనాకు సాక్షిగా" చిత్తూరు జిల్లా పల్లె పిల్లలు చదివితే అందులోని మాట వాళ్ల ఇంటి మాట. యశోదారెడ్డి గారి "మావూరి ముచ్చట్లు" పాలమూరు పిల్లలకు అలాంటిదే. తరగతిలో ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే పిల్లవాడు ఆ రోజు అందరికీ అర్థం చెప్పేవాడవుతాడు. పుస్తకం భాష మాట్లాడలేవని ఏళ్ల తరబడి విన్న పిల్లవాడికి, తన ఇంటి భాష కూడా సాహిత్యమేనని తెలిసే రోజు అది. కోయ, గోండు, సవర, లంబాడా పిల్లలకు మాత్రం పాఠ్యపుస్తకంలోని తెలుగు ఇంటి భాష కాదు. వాళ్లు నెమ్మదిగా చదివితే తెలివి తక్కువని అనుకోకూడదు. వాళ్ల ఇంటి కథ ఒకటి వాళ్ల మాటలోనే తరగతిలో చెప్పించి, తర్వాత అందరూ కలిసి తెలుగులో రాసుకుంటే అందరికీ లాభం.

పరీక్షల గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం అసంపూర్ణం. "ఈ పాఠం వల్ల మీరు తెలుసుకున్న నీతి ఏమిటి?" అన్న ప్రశ్నను దయచేసి మానేద్దాం. పాఠం చదవకుండానే దానికి జవాబు రాయవచ్చు. అబద్ధమాడరాదు, కష్టపడి పనిచేయాలి, పెద్దలను గౌరవించాలి. ఈ మూడింటిలో ఏదో ఒకటి రాస్తే మార్కులు పడతాయి. చదవకుండా జవాబు రాయగలిగిన ప్రశ్న చదువును పరీక్షించే ప్రశ్న కాదు. మన పాత సందర్భ సహిత వ్యాఖ్య దీనికంటే ఎంతో మేలైనది. ఒక వాక్యం ఇచ్చి, ఇది ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఎందుకన్నారు అని అడుగుతుంది. దానికి ఒక్క ప్రశ్న చేర్చండి: ఈ మాట అనకపోయి ఉంటే కథ ఎటు పోయేది? ఇది కంఠస్థానికి లొంగదు. పాఠ్యపుస్తకాల్లో అవగాహన, ప్రతిస్పందన అనే శీర్షిక కింద మంచి ప్రశ్నలే ఉంటున్నాయి. వాటికి కూడా గైడులో జవాబు రాసి ఉంటే పిల్లవాడు ప్రతిస్పందించేది దేనికి?

తల్లిదండ్రులకు రెండు మాటలు. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు. ఏడో తరగతి చదివే మీ అబ్బాయి చేత పేపర్లోని ఒక చిన్న వార్త పైకి చదివించండి. చదివాక, "అయితే తప్పు ఎవరిదిరా?" అని అడగండి. జవాబు చెబితే, "నీకెలా తెలుసు, అందులో ఎక్కడుంది?" అని అడగండి. ఈ రెండు ప్రశ్నలు చాలు. బడి లైబ్రరీ పుస్తకాలు ఇంటికి ఇస్తున్నారో లేదో కనుక్కోండి. ఇవ్వకపోతే వెళ్లి అడగండి. చినిగిపోతాయన్న భయంతో బీరువాలో తాళం వేసి ఉంచిన పుస్తకం కంటే, పదిమంది చేతుల్లో నలిగి అట్ట ఊడిన పుస్తకం వెయ్యిరెట్లు నయం.

ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం. అన్ని పాఠాలూ ఇలా చెప్పడం ఇప్పుడున్న పరిస్థితుల్లో సాధ్యం కాదని నాకు తెలుసు. నెలకు ఒక్క పాఠం ఎంచుకోండి. ఆ పాఠానికి భావం ముందు చెప్పకండి, జవాబులు బోర్డు మీద రాయకండి. రెండు మంచి ప్రశ్నలు మాత్రం తయారుచేసుకుని తరగతిలోకి వెళ్లండి. పిల్లలు చెప్పే ప్రతి జవాబుకూ "పుస్తకంలో ఎక్కడుంది, చదివి వినిపించు" అని అడగండి. మిగతా పని పిల్లలు చేస్తారు. ఈ నెలలోనే మొదలుపెట్టండి.